1980ల సిమ్యులేటర్ గేముల్లో (వాహనాన్ని నిజంగా నడుపుతున్నట్టు ఉండేవి) విమానాలవి బాగుండేవా, ట్యాంకులూ సబ్‌మెరైన్లవా? ఇప్పుడు ఆడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

పేరంతా విమానాల గేములకే వచ్చింది గానీ, నన్నడిగితే ఆ కాలపు కంప్యూటర్ల మీద అన్నిటికంటే బాగా కుదిరింది సబ్‌మెరైన్. దాని తర్వాత నింపాదిగా ఎగిరే చిన్న విమానం, ఆపైన హెలికాప్టర్. ఫైటర్ జెట్లు, ట్యాంకులు చివర. 90ల మొదట్లో విశాఖలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లోని పీసీ ఎక్స్‌టీల (ఐబీఎం పాతతరం పీసీలు) మీద, తర్వాత ఇంట్లో 286 (వాటికంటే వేగమైన తర్వాతి తరం పీసీ) మీద, ఈమధ్య ఎమ్యులేటర్లలో (పాత కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాములు) ఆడి చెబుతున్న మాట ఇది. మీ వరస వేరే ఉంటే గొడవేం లేదు.

ఈ వరసకి కారణం ఆ కంప్యూటర్ల వేగమే. మొదటి ఐబీఎం పీసీలోని 8088 చిప్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ అయితే సుమారు 1 మెగాహెర్ట్జ్, 64 కేబీ మెమరీ. కిటికీలోంచి కనబడే కొండనైనా, రన్‌వేనైనా ప్రోగ్రామే గీత గీతకీ లెక్క కట్టుకుని గీయాలి. సెకనుకి నాలుగైదు సార్లు బొమ్మ మారితే సంతోషించేవాళ్లం. అందుకని ఏ వాహనంలోంచి చూస్తే బయట తక్కువ కనబడుతుందో, ఏది నిదానంగా కదులుతుందో, ఆ గేమే నిజంలా అనిపించేది.

ముందు ఫ్లైట్ సిమ్యులేటర్ సంగతి. బ్రూస్ ఆర్ట్‌విక్ 1975లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేసిన థీసిస్ విషయమే విమానంలోంచి కనబడే దృశ్యాన్ని కంప్యూటర్‌తో గీయించడం. ఆయన సబ్‌లాజిక్ కంపెనీ ఆపిల్ 2 కంప్యూటర్‌కి చేసిన మొదటి వెర్షన్‌లో ఉన్నవి వట్టి గీతలే. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో పీసీకి వచ్చింది. షికాగోలో సరస్సు ఒడ్డున మెగ్స్ ఫీల్డ్ రన్‌వే మీద సెస్నా అనే చిన్న విమానంతో మొదలవుతుంది. పైకి వెళ్లాక నేల ఆకుపచ్చ, నీళ్లు నీలం, రోడ్డు ఒక గీత. నిజం విమానంలోంచి చూసినా దాదాపు అంతే కదా. మిగతా పని మీటర్లు చూసుకుంటాయి. అసలు తిప్పలంతా ల్యాండింగ్‌లోనే. పాత అంబాసిడర్ స్టీరింగ్‌లాగా, మీట నొక్కిన కాసేపటికి గానీ ముక్కు పైకి లేవదు. ఈలోగా కంగారుపడి ఇంకోసారి నొక్కితే పని అయిపోయినట్టే. ఒకసారి నొక్కి ఆగడం నేర్చుకున్నవాడే దిగగలడు. అన్నట్టు, కొత్త క్లోన్ పీసీ (ఐబీఎం పీసీకి నకలుగా వేరే కంపెనీ చేసింది) ఐబీఎంకి సరిగ్గా సరిపోతుందా లేదా అని చూడ్డానికి లోటస్ 1-2-3 అనే లెక్కల పట్టిక ప్రోగ్రాంతో పాటు దీన్ని కూడా నడిపి చూసేవారు.

ఫైటర్ జెట్ గేములతోనే నాకు పేచీ. సిడ్ మైయర్, ఎయిర్‌ఫోర్స్ పైలట్‌గా చేసిన బిల్ స్టీలీ కలిసి 1982లో పెట్టిన మైక్రోప్రోస్ నుంచి వచ్చిన ఎఫ్-15 స్ట్రైక్ ఈగిల్‌కి చాలా పేరుంది. కానీ శత్రు విమానం ఒక చుక్కగా కనబడి, అది విమానం ఆకారంలోకి వచ్చేలోపే మనల్ని దాటిపోతుంది. దాంతో మన కళ్లు కిటికీ వదిలేసి రాడార్‌కి అతుక్కుంటాయి. 1988లో వచ్చిన ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్ మాత్రం వేరు. అందులో పోట్లాడ్డం కన్నా కనబడకుండా జారుకోవడమే ఆట. తక్కువ ఎత్తులో రాడార్ల మధ్యనుంచి దూరిపోవడంలో ఉన్న టెన్షన్‌కి కంప్యూటర్ వేగం అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, అమెరికా ఎయిర్‌ఫోర్స్ తన స్టెల్త్ (రాడార్‌కి చిక్కని) విమానాన్ని బయటపెట్టింది 1988 నవంబర్‌లో. పేరు చూస్తే ఎఫ్-117, ఆకారం చూస్తే అన్నీ పలకలే. గేములో ఊహించి గీసిన నున్నటి విమానానికీ దానికీ పోలికే లేదు.

హెలికాప్టర్లలో మైక్రోప్రోస్ గన్‌షిప్ 1986లో వచ్చింది. స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ ఉన్నవాళ్లకి డిజిటల్ ఇంటిగ్రేషన్ కంపెనీ చేసిన టొమహాక్ ఉండేది. రెండిట్లోనూ అపాచీ అనే అమెరికా యుద్ధ హెలికాప్టరే. కొండ చాటున ఆగి, పైకి లేచి కొట్టి, మళ్లీ దిగిపోవచ్చు. కాబట్టి మోటు కొండలైనా పనికొస్తాయి. 286లు వచ్చాక, 1990 నాటి ఎల్‌హెచ్‌ఎక్స్ అటాక్ చాపర్ మా వాళ్లందరికీ పిచ్చి. సిమ్యులేటర్‌గా చూస్తే తేలికే, సరదాకి మాత్రం దాన్ని మించింది లేదు.

ట్యాంకు ఎందుకు కుదరలేదంటే అది నేల మీదే ఉంటుంది. దాక్కోవడానికి గుంట, పొద, గోడ కావాలి. అవి గీసే ఓపిక ఆ కంప్యూటర్లకి లేదు. 1989 నాటి ఎం1 ట్యాంక్ ప్లటూన్‌లో నాలుగు ట్యాంకులు మన చేతిలో ఉంటాయి, గన్నర్‌గానో డ్రైవర్‌గానో కూర్చోవచ్చు. అయినా నేను మ్యాప్ ముందే ఎక్కువసేపు గడిపేవాణ్ని. మంచి గేమే, కాకపోతే ఎక్స్‌టీ మీద నత్తనడక.

ఇక సైలెంట్ సర్వీస్, 1985, ఇదీ సిడ్ మైయర్ చేసిందే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో అమెరికన్ సబ్‌మెరైన్. పెరిస్కోప్‌లో సముద్రం, ఆకాశం, మధ్యలో ఒక ఓడ నీడ. గీయాల్సింది అంతే. ఓడ ఎంత దూరంలో ఉంది, ఎటు తిరుగుతుంది, బ్యాటరీ ఎంత మిగిలింది, ఇవీ మన బెంగలు. ఏమీ జరగని గంటల్ని మ్యాప్ మీద వేగం పెంచి దాటేయొచ్చు. పేలని టార్పెడోలు కావాలా వద్దా అని కూడా అడుగుతుంది. యుద్ధంలో మొదటి రెండేళ్లు అమెరికా మార్క్ 14 టార్పెడోలు తగిలినా పేలక నిజంగానే ఏడిపించాయి. పగలు మునిగి, రాత్రి పైకి తేలి డీజిల్ ఇంజన్లతో బ్యాటరీ నింపుకోవడం కూడా అసలు పద్ధతే. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ కూడా డీజిల్, బ్యాటరీల రకమే. దాని లోపల నడిచి చూస్తే గేములో ఇంజన్ ఎప్పుడు ఆపాలి అన్న లెక్క ఎందుకంత ముఖ్యమో బోధపడుతుంది.

మీరు సైలెంట్ సర్వీస్‌తోనే మొదలుపెట్టండి, తర్వాత ఎఫ్-19. ఎక్స్‌టీ కాలం గేములకి డాస్‌బాక్స్‌లో (పాత పీసీ గేములు ఆడించే ఎమ్యులేటర్) వేగాన్ని నిర్ణయించే సైకిల్స్ 300 దగ్గర పెట్టండి, లేకపోతే ఓడలు పరుగులు పెడతాయి. ఎఫ్-19 మొదట్లోనే ఒక విమానం బొమ్మ చూపించి ఇదేమిటో చెప్పమంటుంది, జవాబు మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్‌కి మేం జిరాక్స్ తీయించుకునేవాళ్లం. మీకు నెట్‌లో స్కాన్ చేసిన కాపీలు దొరుకుతాయి.