చదవలేకపోతున్న బాబుకి స్కూలు మార్చాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెబుతాడు, లెక్కలు నోటితో చేసేస్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం కూడబలుక్కుంటాడు. టీచర్లు బద్ధకం అంటున్నారు. నేర్చుకోవడంలో కొద్దిపాటి ఇబ్బంది ఉన్న పిల్లలనూ తీసుకునే చిన్న ఇంటర్నేషనల్ స్కూలు విశాఖలో ఉందని బంధువులు చెప్పారు. హాస్టల్లో పెట్టి చదివించమంటారా? మందులేమైనా ఉన్నాయా? ఇంట్లో నేను చెప్పి రాయించిన తెలుగు పేజీ, స్కూలు ఇంగ్లిష్ నోటు పేజీ ఫొటోలు పంపుతున్నాను.
– ఒక తల్లి, రాయగడ

సలహా: సగం సంగతి ఆ రెండు పేజీలే చెప్పాయి, అమ్మా. 'చెట్టు'కి ఒత్తు లేదు. 'పడవ' ఒక వరుసలో 'వడవ' అయింది, రెండు వరుసల కింద 'పడప' అయింది. ఇంగ్లిష్ పేజీలో 'డి' రాయాల్సిన చోట 'బి' పడింది. పెన్సిల్‌తో ఎంత గట్టిగా నొక్కాడో, చెరిపిన చోట కాగితం చిరిగింది. బద్ధకస్తుడైతే చెరిపి మళ్లీ రాయడు. ముందు ఆ మాట మీ ఇంట్లో వినబడకుండా చూడండి.

మీ వైపు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లిష్, పక్కనే హిందీ పుస్తకం. నాలుగు లిపులు ఒకేసారి మీద పడితే మామూలు పిల్లవాడూ తడబడతాడు. తడబాటు ఇంగ్లిష్‌లోనే ఉంటే అది ఆ భాష అలవాటు లేకపోవడం కావచ్చు. నోటితో ధారాళంగా మాట్లాడే తెలుగులోనూ అలాగే ఉంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం, ఉందేమోనని చూడాలి. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఆ లోపం ఉన్న కొందరు పిల్లలు తప్పుల్లేకుండానే చదువుతారు, కానీ నత్తనడకన. అందుకే తప్పులు లెక్కపెట్టడంతో సరిపోదు, ఎంతసేపు పట్టిందో కూడా చూడాలి.

దానికంటే ముందు కళ్లు, చెవులు. వెనుక నుంచి పిలిస్తే పలుకుతున్నాడు కదా అని చెవుల సంగతి వదిలేయకండి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. రక్తహీనత, థైరాయిడ్, మీ ప్రాంతం కాబట్టి సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్ష కూడా. రాత్రి గురక పెడతాడా? మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోతాడా? ఇవి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు చూసే 30 సమస్యల్లో అభ్యసన లోపం కూడా ఒకటి. కాబట్టి జిల్లా ఆసుపత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. అసలు పరీక్ష చేయాల్సింది క్లినికల్ సైకాలజిస్టు. మన దగ్గర ఎక్కువగా వాడేది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల వరుస. కోరాపుట్, బరంపురంలో మెడికల్ కాలేజీలు ఉన్నాయి, కానీ ఏ భాషలో పరీక్షిస్తారో ముందే అడగండి. తెలుగులో ఆలోచించే పిల్లవాణ్ణి ఒడియాలో కొలిస్తే వచ్చే ఫలితాన్ని నేను నమ్మను. దీనికి మాత్రం విశాఖ రైలెక్కడమే మేలు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్నీ గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనంగా ఇస్తుంది. 'పత్రం తీసుకుంటే ముద్ర పడుతుంది' అని జంకేవాళ్లను రోజూ చూస్తుంటాను. బద్ధకస్తుడనే ముద్ర ఇప్పటికే పడింది కదా!

ఇక స్కూలు. బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని ఉన్నంతమాత్రాన ఐబీ, కేంబ్రిడ్జ్ లాంటి విదేశీ బోర్డుల బోధన ఉన్నట్టు కాదు. ఆ పేరు పెట్టుకుని సీబీఎస్ఈ చెప్పేవి ఎన్నో. చిన్న స్కూలు అన్నది మాత్రం నాకు నచ్చింది. తరగతిలో పదిహేనుమందే ఉంటే ఒత్తు ఎక్కడ పోతోందో టీచరు కంటపడుతుంది. వెళ్లి చూడండి. ప్రత్యేక విద్య టీచరు ఉన్నారా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా, వారానికి ఎన్ని గంటలు బాబు పక్కన కూర్చుంటారు, దానికి వేరే ఫీజు ఉందా, భాష ఒకటి తగ్గిస్తారా అని అడగండి. 'కొద్దిపాటి' ఇబ్బంది అనుకున్నది తర్వాత ఎక్కువని తేలితే ఏం చేస్తారో కూడా అడగండి, చాలామంది నీళ్లు నమిలేది అక్కడే. చివరగా ఆ చిరిగిన పేజీ బల్ల మీద పెట్టండి. పేజీని చూసేవారెవరో, అడ్మిషన్ ఫారం వెతికేవారెవరో తెలిసిపోతుంది.

తొమ్మిదేళ్లకు హాస్టల్ వద్దు. సాయంత్రం పావుగంట మీరు పక్కన కూర్చుని, వాక్యం మీద వేలు పెట్టి, ఇద్దరూ కలిసి బయటికి చదవడం ఇప్పుడు వాడికి కావాలి. హాస్టల్ వార్డెన్ ఆ పని చేయరు. కుటుంబమంతా విశాఖ మారగలిగితే అది వేరే మాట.

డిస్లెక్సియాకు మందు లేదు. జ్ఞాపకశక్తి టానిక్కులకు పెట్టే డబ్బు రైలు ఖర్చుకు పనికొస్తుంది. ఒకచోట నిలకడగా కూర్చోలేకపోవడం, దృష్టి నిలపలేకపోవడం అనే సమస్య (ఏడీహెచ్‌డీ) కూడా ఉందని తేలితే దానికి మందులున్నాయి, అవి సైకియాట్రిస్టు చూసి రాయాలి.

కంటి, చెవి రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. ఈ ఇబ్బంది కుటుంబాల్లో వస్తుంటుంది కాబట్టి, బాబు నాన్నగారు చిన్నప్పుడు ఎలా చదివేవారో మీ అత్తగారిని అడిగి, ఆవిడ చెప్పినది కూడా ఆ ఉత్తరంలో కలపండి.