అడంగల్‌లో లేని అవ్వ

తిరుపతి

అమ్మణ్ణీ,

ఫ్యాక్టరీకి పోయే ఊరి భూముల మీద నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే బుల్డోజరు పచ్చటి చేనును మింగేసింది, రైతు పిడికెడు మట్టి పట్టుకుని ఏడ్చాడు. ఆ రైతును నేనెరుగుదును. ముప్పయ్యేళ్ళ కిందట నేనూ ఆయన్నే రాశాను. అచ్చయ్యాక పత్రిక పట్టుకుని ఆ ఊరికి పోతే, ఎవర్ని చూసి రాశానో ఆ పెద్దాయన కథంతా చదివించుకుని నవ్వాడు. "ఏడిస్తే ఏడిస్తిలేబ్బా, మట్టి కోసరం కాదు. పాస్‌బుక్కు మాయన్న పేరన ఉండాది. పరిహారం చెక్కు ఆయప్ప చేతికి పోతే నాకిస్తాడో లేదో అని" అన్నాడు. నా కథలో అన్నే లేడు.

అప్పట్నుంచీ భూమి మీద ఏం రాయాలన్నా ముందు అడంగల్ చూస్తాను, అంటే ఏ చేను ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిపెట్టే ఊరి లెక్క. నీ కథలోని ఊళ్ళో ఎవరిది సొంత పట్టా, ఎవరిది డీకేటీ, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఒక్క ముక్క లేదు. ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చిన డీకేటీ భూమిని అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితం మీద చేతులు మారినవి ఎన్నో. భూసేకరణ నోటీసు వచ్చిన రోజు అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ తాసిల్దారాఫీసు ముందే నిలబడతారు. ఆ చింతచెట్టు కింద ఒక పూట కూర్చో. సంభాషణలు ఎలా రాయాలని నన్నడగవు.

2013 భూసేకరణ చట్టాన్ని ఒక్కసారైనా చదువు. చట్టమనగానే మొహం తిప్పుకోకు, మంచి నవలంత సరుకుంది అందులో. మూడేళ్ళుగా ఆ భూమి మీదే బతికే కౌలుదారు, కూలి, చేతిపనివాళ్ళు కూడా నష్టపోయిన కుటుంబాలే అని అది ఒప్పుకుంటుంది. కానీ ప్రైవేటు కంపెనీకైతే నూటికి 80 మంది, ప్రభుత్వంతో కలిసి కట్టేదైతే 70 మంది ఒప్పుకోవాలి అన్నచోట మాత్రం, భూమి ఉన్నవాళ్ళనూ ప్రభుత్వం భూమి ఇచ్చినవాళ్ళనూ మాత్రమే అడుగుతుంది. కౌలుదారుకు నష్టం ఉంది, నోరు లేదు. నీ కథ మొదలవ్వాల్సింది అక్కడ.

ఇక పోరంబోకు, ఎవరి పేరా పట్టా లేని సర్కారు భూమి. చెరువు గట్టు, వంక, మేతబీడు. పట్టాదారుకు అది ఖాళీ జాగా, యానాది గిరిజనుల ఇంటికి అదే చేపా, ఎలకా, కట్టెపుల్లా. శ్రీహరికోట నుంచి 1971లో తొలి రాకెట్టు ఎగిరిందని బడిలో నేర్చుకున్నాం. అంతకు ముందు నుంచీ ఆ దీవిలో యానాదులు బతికారని మాకు ఎవరూ చెప్పలేదు. (ఇప్పుడది మన తిరుపతి జిల్లాయే, మన బాధ్యతా పెరిగింది.)

ఫ్యాక్టరీలే భూమి తీసుకుంటాయనుకోకు. శేషాచలంలో 1989లో జాతీయ వనం వచ్చింది. జాతీయ వనంలో పశువుల్ని మేపకూడదు. ఎర్రచందనమూ బంగారు బల్లీ బతకాలనేవాళ్ళలో నేనూ ఉన్నాను. మరి మందల వాళ్ళు? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, గిరిజనులు కానివాళ్ళు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అడవి మీదే బతుకుతున్నట్టు రుజువు చూపాలి. మేకల కాపరికి తాత ఎప్పుడు పుట్టాడో తెలిస్తే గొప్ప. పలమనేరు వైపు పోతే ఇంకో రకం. 1980ల్లో ఏనుగులు పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి దిగాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాత్రంతా డప్పులు కొట్టి, పటాకులు కాల్చి, తెల్లారేసరికి తోట పోగొట్టుకున్న రైతు "గణపయ్య వచ్చినాడు" అని దండం పెట్టి, ఆ నోటితోనే పచ్చిబూతు తిడతాడు. రెండూ ఒకే వాక్యంలో రాయి చూద్దాం. నాకింతవరకూ కుదర్లేదు.

ఒక గొడవ పెట్టుకుంటాను నీతో. నీ కథలో కంపెనీ బస్సెక్కే ఆడపిల్లను నువ్వు మోసపోయినదానిలా చూపించావు. ఆ పిల్ల జీతంతో తమ్ముడు చదువుతున్నాడు, పెళ్ళి రెండేళ్ళు వాయిదా పడింది, ఆమెకు అది సంతోషం. వాళ్ళ నాయన చేను పోయిన మాటా నిజమే. ఆమెను జాలిపడి చంపకు.

కాగితాలు తిప్పి పంపుతున్నాను, పెన్సిలు గీతలకు కోప్పడకు. రాక్షసి, గర్భశోకం, భూమాత అన్నచోటల్లా కొట్టేశాను. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం కింద రెండు గీతలు గీశాను: మేకలు తోలుకుని కంచె పక్కన పోయే అవ్వ. రాసినదానివి నువ్వే ఆమెను వదిలేసి పోయావు. సంక్రాంతికి ఊరికి పోతున్నావు కదా. కంచె వేసినాక ఆమె దగ్గర ఎన్ని మేకలు మిగిలాయో, తక్కినవి ఏ సంతలో ఎంతకు అమ్మిందో అడిగి రా.

మీ మామ