ప్లస్సు, మైనస్సు ఎవరు పెట్టారు?

ప్రశ్న: కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం గుర్తులు నాలుగూ ఒకళ్ళే కనిపెట్టారా? కాలిక్యులేటర్‌లో ÷ ఉంటే కీబోర్డు మీద / ఎందుకుంది?

జవాబు: ఒకళ్ళు కాదండీ, ఒక దేశం వాళ్ళు కూడా కాదు. లెక్కలు వేల ఏళ్ళ నుంచి ఉన్నా ఈ గుర్తులకి ఆరొందల ఏళ్ళు కూడా లేవు. +, − అచ్చులో మొదట కనపడింది 1489లో, జర్మనీలో యోహానెస్ విడ్మన్ అనే ఆయన వ్యాపారుల కోసం రాసిన లెక్కల పుస్తకంలో, అక్కడ కూడా కూడు, తీసెయ్ అని చెప్పడానికి కాదు, సరుకు ఎక్కువొస్తే ప్లస్సు, తరుగొస్తే మైనస్సు అన్నట్టు వాడాడాయన. ఇంకో తమాషా ఏంటంటే బక్షాలీ రాతప్రతి అని మన పాత లెక్కల పుస్తకం ఒకటుంది, అందులో అచ్చం ప్లస్ లాంటి గుర్తే ఉంది, కానీ అది రుణసంఖ్య పక్కన పెట్టేది!

మీరు అడగలేదు గానీ = గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ అనే లెక్కల పండితుడు పెట్టింది. ప్రతిసారీ 'సమానం' అని రాయలేక విసుగొచ్చి రెండు సమాంతర గీతలు గీశాడు, వాటికంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని ఆయన వాదన. × మాత్రం 1631లో ఇంగ్లండ్ లెక్కల పండితుడు విలియం ఆట్రెడ్‌ది. లైబ్నిట్జ్‌కి (జర్మన్ గణితవేత్త) అది అస్సలు నచ్చలేదు, ఎక్స్ అక్షరంతో కలిసిపోతుందని 1698లో తోటి గణితవేత్త బెర్నూలీకి ఉత్తరం కూడా రాశాడు, తను చుక్క పెట్టేవాడు. ఆల్జీబ్రా చేసిన ఎవరికైనా ఆయన బాధ అర్థమవుతుంది.

ఇక ÷ సంగతి. దీన్ని భాగహారానికి 1659లో యోహాన్ రాన్ జూరిక్‌లో అచ్చువేసిన పుస్తకంలో వాడాడు, కానీ డెన్మార్క్, నార్వే వైపు ఇదే గుర్తుని తీసివేతకి వాడేవాళ్ళు, జర్మన్లేమో భాగహారానికి రెండు చుక్కలు (:) పెడతారు, ఇంత గందరగోళం ఉంది కాబట్టే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ÷ వాడొద్దంటుంది. కంప్యూటర్ల వాళ్ళకి వేరే ఇబ్బంది, 1950ల్లో ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చేనాటికి, ప్రోగ్రాములు ఎక్కించడానికి కార్డులకి చిల్లులు పెట్టే మెషిన్లలో ×, ÷ లేవు, అందుకని ఉన్నవాటితోనే సర్దుకుని గుణకారానికి *, భాగహారానికి / పెట్టేశారు. / అంటే భిన్నంలో మధ్య గీతే, కాస్త వాలుగా ఉంటుంది అంతే. నన్నడిగితే కాలిక్యులేటర్ మీద కూడా ÷ తీసేసినా నష్టం లేదు, కాకపోతే అందరికీ అలవాటైపోయింది, ఇప్పుడెవరు తీస్తారు!