పెట్రోల్ జిప్సీలో డీజిల్ ఇంజిన్ వేయించవచ్చా?

రాయగడ కొండదారుల్లో తిరిగే పాత జిప్సీకి (మారుతి కంపెనీ జీపు లాంటి బండి), అంబాసిడర్‌లో వచ్చిన 2 లీటర్ల ఇసుజు డీజిల్ ఇంజిన్ వేయించవచ్చా అని అడిగారు. జిప్సీలో గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) వేర్వేరుగా ఉండి వాటి నడుమ ఒక పొట్టి షాఫ్టు మాత్రమే ఉంటుంది కనుక, డీజిల్ ఇంజిన్‌ను దాని సొంత గేర్‌బాక్సుతో సహా జిప్సీలోకి దించి, మౌంటింగులు (ఇంజిన్‌ను పట్టి ఉంచే బిగింపులు) కొత్తగా వెల్డింగ్ చేయించి, ఆ షాఫ్టును సరైన పొడవుకు చేయించుకుంటే పని కుదురుతుంది. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ అంత వేగంగా తిరగదు కాబట్టి, ఘాటీ ఎక్కడం తేలికైనా చదును రోడ్డు మీద గరిష్ఠ వేగం తగ్గుతుంది. ముందు బరువు పెరిగి కమాను కట్టలు కుంగుతాయి. అసలు చిక్కు కాగితాలది. విజయనగరంలో పని చేయించినా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రిజిస్టరైన రాయగడ ఆర్టీవో అనుమతి కావాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదన్న 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఆ అనుమతి సులువుగా దొరికేది కాదు.