ఆపరేషన్ అయ్యాక ప్రోటాన్ కరెంటే పెట్టించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) అలవాటు. ఎడమ బుగ్గలో క్యాన్సర్ వస్తే నాలుగు వారాల కిందట ఆపరేషన్ చేసి, దవడ ఎముక కొంత తీసి టైటానియం ప్లేటు వేశారు. గడ్డకీ కోత అంచుకీ మధ్య 3 మిల్లీమీటర్లే ఉందనీ, ఎడమ మెడలో ఒక గ్రంథికి పాకింది గానీ దాని పొర దాటలేదనీ రిపోర్టులో ఉంది. 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. చెన్నై తీసుకెళ్లి ప్రోటాన్ పెట్టిస్తే మంచిదని బంధువులు అంటున్నారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? అవసరమైతే పొలం అమ్ముతాం.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీరు రాసిన రిపోర్టుకైతే పొలం అమ్మనక్కర్లేదు. ఎందుకో వివరంగా చెబుతాం.

ప్రోటాన్ అంటే ఎక్స్-రే కిరణాలకు బదులు ప్రోటాన్లనే అతి చిన్న కణాలతో పెట్టే కరెంటు. అది నమ్మదగిన వైద్యమే. మన దేశంలో 2019లో చెన్నై అపోలోలో మొదలైంది, ఆ తర్వాత నవీ ముంబయి ఖార్‌ఘర్‌లోని టాటా కేంద్రంలోనూ వచ్చింది. అయితే అది క్యాన్సర్‌ను ఎక్కువగా చంపుతుందనుకోవడం పొరపాటు. మామూలు ఎక్స్-రే కరెంటు కంటే దాని బలాన్ని సుమారు 10 శాతం ఎక్కువగా లెక్కగట్టి, ఆ మేరకు మోతాదు తగ్గించే ఇస్తారు. తేడా అంతా చుట్టుపక్కల భాగాల దగ్గరే. ఎక్స్-రే కిరణం ఎడమ బుగ్గలో దూరి అవతలి వైపు బయటికి పోతుంది. ప్రోటాన్ మాత్రం అనుకున్న లోతులో శక్తిలో ఎక్కువ భాగం దింపేసి అక్కడే ఆగిపోతుంది. అందువల్ల నాలుకకు, కుడివైపు లాలాజల గ్రంథులకు తగిలేది తగ్గుతుంది.

అమెరికాలో 440 మంది మీద జరిగి, 2024లో వెల్లడైన పరీక్షలో రెండు పద్ధతులూ జబ్బును ఒకే తీరుగా అదుపు చేశాయి. గొట్టం ద్వారా తిండి పెట్టాల్సి వచ్చినవారు మాత్రం ఎక్స్-రేతో నూటికి 42 మంది, ప్రోటాన్‌తో 28 మంది. బ్రిటన్‌లో జరిగిన టార్పీడో పరీక్షలో ఏడాది తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా ఇవి రెండూ గొంతు క్యాన్సర్ల మీద చేసినవి. ఆపరేషన్ అయిన బుగ్గకు ఆ అంకెలు నేరుగా అతకవు.

ఖచ్చితంగా ఆగడమే ప్రోటాన్ గొప్పతనం, దాని చిక్కూ అదే. ఆపరేషన్ తర్వాత ముఖం వాపు వారం వారం తగ్గుతుంది, మనిషి చిక్కిపోతాడు, కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులవుతుంది. అర సెంటీమీటరు కండ తగ్గినా ప్రోటాన్ అనుకున్న చోటు దాటి లోపలికి పోతుంది. ఎక్స్-రేకి ఆ మార్పు అంతగా పట్టదు. ఇక టైటానియం ప్లేటు వల్ల సీటీ బొమ్మలో చారలు పడి, లోతు లెక్క తప్పే ప్రమాదం ఉంది. ప్లేటును తప్పించుకునేలా కిరణాల దారి ఎంచుకోవాలి. చర్మం విషయంలోనూ ప్రోటాన్‌కు మేలు లేదు. మెడ మీద తోలు కమలడం, ఊడడం దీనితో ఇంకాస్త ఎక్కువే కావచ్చు.

ప్రోటాన్ కోసం నిజంగా ఖర్చు పెట్టాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి: పుర్రె అడుగు భాగం, ముక్కు పక్క గదుల క్యాన్సర్లు, నరాల వెంట పాకే లాలాజల గ్రంథి క్యాన్సర్లు, ఒకసారి కరెంటు పెట్టిన చోటే మళ్లీ పెట్టాల్సి రావడం. కళ్లు, మెదడు, వెన్నుపాము పక్కనే ఉంటాయి కాబట్టి అక్కడ ప్రతి మిల్లీమీటరూ విలువైనదే.

మీ నాన్నగారికి గడియారమే ముఖ్యం. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు కరెంటు మొదలవ్వాలి. నాలుగు గడిచిపోయాయి. సీటీ, మాస్కు, ప్లాను, దాని తనిఖీ, వీటికే వారం పది రోజులు పడుతుంది. చెన్నైలో తేదీ కోసం, డబ్బు కోసం నెల ఆలస్యం చేస్తే ప్రోటాన్ ఇచ్చే లాభం కంటే జబ్బు తిరగబెట్టే ముప్పే పెద్దది. విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గానీ, కటక్ ఆచార్య హరిహర సంస్థ గానీ, ఎక్కడ త్వరగా తేదీ దొరికితే అక్కడ ఐఎంఆర్‌టీ (జబ్బు ఆకారానికి తగ్గట్టు కంప్యూటర్‌తో మలిచి ఇచ్చే ఎక్స్-రే కరెంటు) అడగండి. సాధారణంగా మొత్తం 60 గ్రే (గ్రే అంటే కరెంటు మోతాదు కొలత), వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. అంచులో క్యాన్సర్ లేదు, గ్రంథి పొర దాటలేదు కాబట్టి మామూలుగా కీమో కలపరు.

ఒకవేళ వెంటనే తేదీ, డబ్బు రెండూ కుదిరి ప్రోటాన్‌కే వెళ్తే, ముందే మూడు సంగతులు అడగండి. మధ్యలో సీటీ ఎన్నిసార్లు తీస్తారు? ఆకారం మారితే కొత్త ప్లాను ఎన్ని రోజుల్లో వేస్తారు, దానికి వేరే బిల్లు ఉందా? మెషిన్ ఆగిపోతే ఆ రోజులకు ఎక్స్-రే ప్లాను సిద్ధంగా ఉంటుందా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేర్చకండి.

ఏ కరెంటైనా ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటే. వారానికోసారి బరువు తూచండి. 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పండి. నోరు పూసి మింగలేకపోతే పల్చని చోడి అంబలిలో పాలు, పొడి చేసిన వేరుశెనగ కలిపి, రోజుకు ఆరేడు సార్లు కొంచెం కొంచెంగా పట్టండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించాలి. గుడాకు డబ్బా ఇంట్లో ఉండనే కూడదు.

ప్రశ్న: మా అత్తగారికి నాలుక ఆపరేషన్ అయింది. కరెంటుకు ముందే పుచ్చుపళ్లు తీయించమంటున్నారు. ఇప్పటికే ఆవిడ సరిగా తినలేకపోతున్నారు. కరెంటు అయ్యాక తీయిస్తే కాదా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కాదమ్మా, ముందే తీయించండి. పుండు మానడానికి కనీసం 10 నుంచి 14 రోజులు కావాలి కాబట్టి ఈ వారమే వెళ్లండి. కరెంటు పడిన దవడకు రక్తం సరిగా అందదు. తర్వాత పన్ను పీకితే ఆ గుంత మానక, ఎముక చచ్చిపోయి బయటపడే ప్రమాదం ఉంది. ప్రోటాన్ అయినా ఆ ముప్పు పూర్తిగా పోదు. మిగిలిన గట్టి పళ్లకు రోజూ ఫ్లోరైడ్ జెల్ రాయించండి. ఎన్నేళ్ల తర్వాత పన్ను తీయించాల్సి వచ్చినా, ఆ పంటి దగ్గర ఎన్ని గ్రే పడిందో కరెంటు పెట్టిన ఆసుపత్రిలో రాయించుకుని, పళ్ల డాక్టరుకు చూపించాకే చెయ్యి వేయనివ్వండి.