డంపింగ్ యార్డు గ్యాస్‌ని పట్టి మండిస్తే లాభమేనా? మన డెల్టాలో కుదురుతుందా?

"మా ఊరి చెత్తగుట్ట ఎలాగూ తగలబడుతూనే ఉంది, మళ్ళీ గ్యాస్ పట్టి మండించడం దేనికి?" అని అడిగారు. రెండూ మంటలే గానీ, రెండూ ఒకటి కాదండీ.

చెత్త తగలబెడితే ప్లాస్టిక్కూ రబ్బరూ అరకొరగా కాలి, ఆ పొగంతా ఊరిమీద పడుతుంది. గ్యాస్ సంగతి వేరు. గుట్ట అడుగున గాలి తగలక కుళ్ళే తడి చెత్త నుంచి మీథేన్ పుడుతుంది. దాన్ని పైపులతో లాగి కాల్చేస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అవుతుంది. అదీ వేడి పెంచేదే కదా అంటారా? కిలో మీథేన్ కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాల్చకుండా వదిలేస్తే, 100 ఏళ్ళలో పెంచే వేడి లెక్కన అదే కిలో సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 20 ఏళ్ళ లెక్క తీస్తే 80 దాటుతుంది. కాబట్టి లాభమే.

వేరే రాష్ట్రంలో మూసేసిన ఓ పెద్ద యార్డులో గ్యాస్ బోర్లు, అంటే గ్యాస్ లాగడానికి గుట్టలోకి దింపిన పైపులు, చూసే పని చేశాను. అసలు పనంతా మంట దగ్గర కాదు, వాల్వుల దగ్గర. ప్రతి బోరుకీ మీటరు పెట్టి మీథేన్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని చూసి, వాల్వు కాస్త అటూ ఇటూ తిప్పుతాం. మీథేన్ 50 శాతం దగ్గరుంటే బోరు బాగున్నట్టే. ఆశకొద్దీ బ్లోయర్‌తో (గ్యాస్ లాగే ఫ్యాను) గట్టిగా లాగితే మట్టి కప్పు పగుళ్ళలోంచి గాలి దిగి, గుట్ట కడుపులోనే నిప్పు రాజుకుంటుంది. వానాకాలంలో ఇంకో తంటా. పైపులో నీళ్ళు చేరి గుడగుడమంటాయి, అవి తోడేదాకా గ్యాస్ రాదు.

మన దగ్గర కష్టం అక్కడే. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. నేను చూసిన యార్డులు మురుగు కాలవ గట్టునో పల్లంలోనో ఉన్నాయి, ఎత్తూ లేదు, పైన మట్టి కప్పూ లేదు. అలా పల్చగా పోసిన చెత్తలో బోరు దింపితే వచ్చేది ఎక్కువగా గాలే. (కోనసీమవాళ్ళకి గ్యాస్ మంట కొత్తేం కాదు. 1995లో పాశర్లపూడి ఓఎన్‌జీసీ బావిలోంచి గ్యాస్ ఎగదన్ని మండిన బ్లోఔట్ తలుచుకుని కొందరు భయపడతారు గానీ, చెత్త గ్యాస్‌కి అంత ఒత్తిడి ఉండదు.)

నా మటుకు నేనైతే బోర్ల మీద పెట్టే డబ్బు బయోగ్యాస్ ట్యాంకు మీద పెట్టమంటాను. కూరగాయల మార్కెట్టు, హోటళ్ళ చెత్త నేరుగా ట్యాంకులోకి వెళితే అదే మీథేన్ మన చేతిలోనే పుడుతుంది, పొయ్యికీ పనికొస్తుంది, మిగిలిన స్లర్రీ కొబ్బరితోటకి పోతుంది. కాకపోతే చెత్త విడిగా రావాలి. కుళ్ళిన టమాటాలతో పాటు క్యారీబ్యాగులు వెళ్ళాయంటే కలియబెట్టే రాడ్డుకి చుట్టుకుని ట్యాంకు ఆగిపోతుంది. ఇళ్ళ దగ్గర విడిగా తీసుకుని యార్డులో మళ్ళీ కలిపేస్తుంటే, ముందు దానిమీద మున్సిపల్ కమిషనర్‌కి అర్జీ పెట్టండి.