భూకంపం ఎవరికి శిక్ష?

ప్రశ్న: భూకంపంలో పసిపిల్లలు సైతం మరణించారన్న వార్త చదివినప్పటి నుంచి ప్రార్థనలో నా మనసు నిలవడం లేదు. అది పాపానికి శిక్ష అని పెద్దలు అంటున్నారు. ఇలా సందేహించడం తప్పా?

జవాబు: తప్పు కాదు, మీ సందేహం కొత్తదీ కాదు. 1755 నవంబరు 1న, పండుగనాడు, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపానికి ప్రార్థన చేస్తున్న భక్తుల మీదే చర్చిలు కూలినప్పుడు యూరప్ మేధావులు ఇదే ప్రశ్న వేసుకున్నారు. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి దైవశిక్షగా గాంధీజీ భావించగా, అస్పృశ్యతను తానూ నిరసించిన రవీంద్రనాథ్ ఠాగూర్, భౌతిక విపత్తులకు భౌతిక కారణాలే ఉంటాయని బహిరంగంగా విభేదించారు. ఆ విమర్శను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రచురించారు. (అంతటి మర్యాద నేటి వాదాల్లో అరుదు.)

నాకు ఠాగూర్ మాటే సబబుగా తోస్తుంది. భూమి పైపొరలోని భారీ రాతి పలకల (భూఫలకాల) అంచుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే నేల కంపిస్తుంది. పైన ఉన్నది పుణ్యాత్ములో కాదో దానికి పట్టదు. పైగా శిక్ష అన్న వివరణ మృతులను దోషులుగా నిలబెట్టి, నాసిరకం కట్టడాలు కట్టినవారిని వదిలేస్తుంది. అయితే కారణం తెలిసినంత మాత్రాన దుఃఖం తీరదు కనుక, మీరు ప్రార్థన మానవలసిన పని లేదు. వివరణ కోరడం మాని, ఆ పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రార్థించి చూడండి.